రెండోసారి తొక్కితేనే

మొదటిసారి తొక్కితే పట్టుకోలేదు, రెండోసారి తొక్కితే పట్టుకుంది. సుభద్రమ్మ చూసింది. చూసి, చూడనట్టు కిటికీ వైపు తిరిగి, రోడ్డు పక్కన వెనక్కి పోతున్న చింతచెట్లను ఒకటీ రెండూ అని లెక్కపెట్టబోయింది గాని, మూడో చెట్టు దగ్గరే చూపు మళ్ళీ మొగుడి పాదం మీదికి వచ్చి పడింది. ముందు పోతున్న ఎద్దులబండి ఉన్నట్టుండి పక్కకు తిరిగితే వేగం తగ్గిద్దామని తొక్కాడు గోవిందప్ప, అంతే. పాదం మెత్తగా లోపలికి దిగిపోయింది, కారు మాత్రం పోతూనే ఉంది. గబుక్కున ఎత్తి మళ్ళీ తొక్కాడు, అప్పుడు గాని అది మాట వినలేదు. పొద్దున కుప్పం పోయేటప్పుడు ఇట్లా లేదు. పొద్దున ఒక్క తొక్కుకే ఆగేది. ఆ సంగతి ఆమె ఒట్టేసి చెప్పగలదు, ఎందుకంటే పోయేటప్పుడు ఆ నూరు కిలోమీటర్లూ ఆమె చూసింది రోడ్డును కాదు, కొండలను కాదు, తోలు చెప్పు వేసుకున్న ఆ కుడి పాదాన్నే. ఇప్పుడు వెనక సీట్లో, పురిటికి తీసుకొస్తున్న కూతురు సింధూజ ఉంది. ఏడో నెల కడుపు మీద చెయ్యి వేసుకుని, తల కింద దిండు పెట్టుకుని, పలమనేరు దాటినప్పటి నుంచి కళ్ళు మూసుకుని ఉంది. పుంగనూరు ఇంకా రాలేదు. పుంగనూరు దాటి మదనపల్లె దారిలో ఇంకో ముక్కాల్గంట పోతేగాని ఊరు రాదు.

చెప్పాలి. బ్రేకు సరిగ్గా లేదు, ఆపు, అని నాలుగు మాటలు. నాలుగు మాటలకు ఇంత ఆలోచన ఎందుకని తనను తానే తిట్టుకుంది. ఊళ్ళో కూలోళ్ళను, పాలాయనను, పంచాయతీ ఆఫీసులో గుమాస్తాను కూడా గుక్క తిప్పుకోకుండా కడిగేసే నోరు, ఇప్పుడేమో పెదవి దాటనంటోంది. దాటదు మరి. ఈ కారు విషయంలో ఆమె ఆరేళ్ళ కింద ఒకసారి నోరు తెరిచింది, ఆ తెరిచిన దానికే ఇది ఆరేళ్ళు షెడ్లో పడి ఉంది. తొంభై ఎనిమిదిలో వాల్మీకిపురంలో పెళ్ళి చూసుకుని వస్తుంటే మేక ఒకటి అడ్డమొచ్చింది, మేకను తప్పించబోయి ఈయన కల్వర్టు గోడకు కొట్టాడు. మేక బాగానే ఉంది, మేకకేమీ కాలేదు, తోక ఊపుకుంటూ పోయింది. పదహారేళ్ళ సింధూజ గడ్డం పగిలింది. మదనపల్లె ఆసుపత్రిలో నాలుగు కుట్లు వేస్తుంటే లోపలి నుంచి పిల్ల అరుపులు, బయట వరండాలో సుభద్రమ్మ, కొంగంతా నెత్తురు. ఆ వరండాలో, నర్సులు, రోగులు, ఎవరెవరో చూస్తుండగా అనింది, "ఇంట్లో ఆ కారన్నా ఉండాల, నేనన్నా ఉండాల" అని. మర్నాడు గోవిందప్ప కారును తానే తోలుకుపోయి పట్టుపురుగుల షెడ్లో వెనక గోడకు ఆనించి నిలబెట్టి, తాళంచెవి తెచ్చి ఆమె ముందర అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, ఆ తర్వాత ఆరేళ్ళూ కారన్న మాటే ఎత్తలేదు. బస్సులో పోయాడు, బస్సులో వచ్చాడు, బస్సు తప్పితే నడిచాడు, ఎవరైనా కారేమైందప్పా అంటే ఉండాదిలే అన్నాడు. ఆ ఉండాదిలే అన్న మాట వినబడినప్పుడల్లా ఆమె చేతిలో పని వదిలేసి లోపలికి పోయేది.

పుంగనూరు వచ్చేసింది. రానే వచ్చింది, పైగా సంత రోజు. ఈ సంగతి పొద్దున ఎవరికీ గుర్తు లేదు. పశువులు, పశువుల వెంట మనుషులు, మనుషుల వెంట బేరాలు, రోడ్డంతా వాళ్ళదే. ఒకాయన దూడను పగ్గం పట్టి లాగుతున్నాడు, దూడ రోడ్డు మధ్యలో నాలుగు కాళ్ళూ ఆనించి రానంటోంది. గోవిందప్ప గేరు తగ్గించాడు, హారన్ కొట్టాడు, పాదం లోపలికి పోయింది, మళ్ళీ పోయింది, మూడోసారి. మూడోసారి! సుభద్రమ్మ తన కాలితో తన ముందున్న రేకును గట్టిగా తొక్కిపట్టింది, అక్కడ తొక్కితే ఏదో ఆగుతుందన్నట్టు. దూడ తోకకు జానెడు దూరంలో కారు నిలబడింది. పగ్గం పట్టినాయన "సూసుకోని రాప్పా" అన్నాడు విసుగ్గా. గోవిందప్ప నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు బాగా తెలుసు, పురుగులకు రోగమొచ్చి పంట పోయినప్పుడు చూడవచ్చిన వాళ్ళతో నవ్వే నవ్వు అది.

"ఎంత జనమో సూడు," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"ఊ," అనింది.

ఆయన చెవి పక్కన చెమట కారుతోంది. డిసెంబరు నెల, పుంగనూరులో స్వెట్టర్లు వేసుకుని తిరుగుతున్నారు మనుషులు. ఆ చెమట ఎందుకో అడగొచ్చు గదా, అడిగితే ఏం పోతుంది? అడిగితే చాలు, ఆయన ముఖంలో ఈ మూడు వారాల నుంచి వెలుగుతున్నది ఏదో అది ఆరిపోతుంది. ఆమె భయమంతా అదే. ఈ మూడు వారాలు ఈయన పాటలు పాడుకున్నాడు! స్నానానికి పోతూ, పురుగులకు మల్బరీ ఆకు కోస్తూ, ఎద్దులకు నీళ్ళు పెడుతూ, రాగం తాళం లేని కూనిరాగాలు. పెళ్ళైన కొత్తలో విన్నవి మళ్ళీ ఇప్పుడు వింది. అది వినడం కోసమే కదా తాను కారు తియ్యమన్నది. కుప్పంలో సింధూజ అత్త రామలక్ష్మమ్మ ఫోన్ చేసి, "మీ పాపను బస్సులో పంపీను వదినా, ఆ గుంతల్లో అదిరిపోతాది, మీకు కారుండాది గదా" అన్నది ఒక సాకు మాత్రమే. అసలు సంగతి ఆ ముందు రోజు సాయంత్రం జరిగింది. పురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రికలు తెద్దామని షెడ్లోకి పోయింది. పంట అమ్మేసి షెడ్డు ఖాళీగా ఉంది. కారు లోపల మనిషి ఉన్నట్టు అనిపించి ఆగింది. గోవిందప్ప. గాలి పోయి నేలకంటుకున్న చక్రాల మీద, ఎలుకలు కొరికిన సీటు మీద కూర్చుని, స్టీరింగు అటూ ఇటూ కొంచెం కొంచెంగా తిప్పుతూ, నోటితో ఇంజను చప్పుడు చేస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పంచాయతీలో పెద్దమనిషి అనిపించుకున్నవాడు, బుర్ర్ అంటూ గేరు మారుస్తున్నాడు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేసింది. వచ్చి వంటింట్లో కూర్చుని, నవ్వాలో ఏడవాలో తెలియక, రెండూ చేసింది. ఆ మర్నాడు సంగటి ముద్ద పెడుతూ, కారు తీస్తే పోలేదా అని అనింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి ఆమెనే చూశాడు.

ఊరు దాటింది. జనం పలచబడ్డారు. గాలి లోపలికి కొట్టింది, గాలితో పాటు ఆ వాసన. పొద్దుటి నుంచీ ఉంది ఆ వాసన, కొత్త సీటు గుడ్డ వాసన కింద, పెట్రోలు వాసన కింద, అడుగున ఎక్కడో. తన చేతులకు ఎప్పుడూ ఉండే వాసనే గనక పట్టించుకోలేదు. బ్లీచింగు పౌడరు. పంట తియ్యగానే షెడ్డంతా బ్లీచింగు పౌడరు, సున్నం కలిపిన నీళ్ళతో కడగాలి, గోడలు, నేల, పురుగుల తట్టలు పెట్టే ఇనుప స్టాండ్లు, ఏదీ వదలకూడదు. వదిలితే తర్వాతి పంటకు రోగం తగులుకుంటుంది. ఏడాదికి ఐదు పంటలు, ఆరేళ్ళు. ఆ పని ఆమెది, ఇంకొకరు చేస్తే నచ్చదు. వెనక గోడకు కారుంది కదా అని ఆమె ఏమైనా వదిలిందా? వదల్లేదు. వంగి, కారు కింద కూడా బకెట్లు బకెట్లు కొట్టింది, మూల మూలకూ, కసి కొద్దీ కొట్టింది. ఆ కసి ఎవరి మీదో తనకే తెలియదు. నువ్వే కదా నన్ను ఇట్లా చేసినావని ఆ కారు చూస్తున్నట్టుండేది, దానికి ఇంకో బకెట్టు. ఆ నీళ్ళు ఇనుమును ఏం చేస్తాయో ఆమెకు తెలియనిదా? షెడ్డు తలుపు బందులు రెండేళ్ళకొకసారి ఊడి చేతికొస్తాయి. స్టాండ్ల కాళ్ళు అడుగు నుంచి పొరలు పొరలుగా లేచిపోతాయి. అందుకే పంట పంటకూ గోవిందప్ప వాటికి నల్లరంగు పూస్తాడు. నల్లరంగు. సుభద్రమ్మ వెన్ను నిటారైంది. కారుకూ పూశాడు. మెకానిక్కుకు చూపించే ముందు, దుమ్ము పట్టిన కారును చూపించడం నామోషీ అనుకున్నాడేమో, వెల్లకిలా పడుకుని దూరి, అడుగంతా దట్టంగా, రెండు పూతలు, స్టాండ్లకు పూసిన డబ్బాలోదే పూశాడు. మదనపల్లె మిషన్ కాంపౌండు పక్కన షెడ్డు పెట్టుకున్న తిమోతి, కారు కిందికి తొంగి చూసి, "అడుగు అద్దం మాదిరి పెట్టుకోనుండావు గదన్నా" అని మెచ్చుకున్నాడు కూడా.

తిమోతి చెడ్డ పనివాడు కాదు. పెట్రోలు టాంకీ దించి కడిగాడు, ఇంజను విప్పి కట్టాడు, ఎలుకలు తిన్న వైర్లన్నీ మార్చాడు, చక్రాల దగ్గర బ్రేకు సామాన్లు కొత్తవి వేశాడు. మొదటిసారి తాళం తిప్పే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. ఆ రోజు అన్నం క్యారియరు తీసుకుని ఆమె కూడా పోయింది. ఊరకే నిలబడిందని ఆమెకు అన్నీ చూపించాడు పాపం. "ఈడ నూనె ఉంటాదమ్మా. నువ్వు తొక్కితే సన్న పైపుల్లో పోయి నాలుగు చక్రాలనూ పట్టుకుంటాది. పైపు కారిందా, కాలి కింద ఏమీ ఉండదు." పైపులు చూశావా తిమోతీ, అని ఆ రోజు ఎందుకు అడగలేదు తను? ఎందుకడుగుతుంది, అవి నల్లగా నిగనిగలాడుతున్నాయి. రంగు కింద ఇనుము లేదని, ఆరేళ్ళుగా తాను కొట్టిన బకెట్లు దాన్ని తినేశాయని, పూసినవాడికి తెలియదు, చూసినవాడికి తెలియదు. ఇప్పుడు తెలుసు, ఒక్కదానికే తెలుసు. ఎక్కడో తన సీటు కింద, సింధూజ పడుకున్న సీటు కింద, చుక్క చుక్క కారుతోంది. రెండోసారి తొక్కితేనే అన్నది మూడోసారి అయింది. నాలుగోసారికి ఏముంటుంది?

చెప్పు. చెప్పవే. ఏమని? బ్రేకు పోయిందంటే, ఇదిగో మళ్ళీ మొదలుపెట్టింది అనుకుంటాడు. భయపడతాండాను అంటే, నువ్వెప్పుడు భయపడలేదు గనక అంటాడు. నీ తప్పేమీ లేదు, నాదే అంటే, నీ తప్పేమీ లేదు అన్న మాటలోనే ఆయన తప్పు వెతుక్కుంటాడు. ఒక్కొక్క మాటనూ లోపలే పలికి చూసుకుంది, ప్రతిదీ ఆ ఆసుపత్రి వరండాలో అన్న మాటలాగే వినబడింది. ఊరు చేరిపోతే? మెల్లగా పోతున్నాడు కదా, నలభై దాటడం లేదు. ఇంటికి పోయాక, సింధూ దిగాక, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగాక మెల్లగా చెప్పొచ్చు. ఇంత దూరం వచ్చింది, ఇంకెంత. ఇంకెంత అంటే, ఎక్కుడు ఒకటి ఉంది. ఆ ఎక్కుడు ఎక్కితే అవతల దిగుడు, దిగుడంటే మామూలు దిగుడు కాదు, మలుపు తిరిగి నేరుగా హైస్కూలు గేటు ముందుకు పోయి నిలుస్తుంది. టైమెంతైంది? ఆయన చేతి గడియారం స్టీరింగు మీద తళతళమంటోంది గాని కనబడడం లేదు. ఎండ ఇంత వాలిందంటే నాలుగు దాటింది. నాలుగుంబావుకు బడి వదులుతారు. ఆ బళ్ళోనే చదివింది సింధూ. గంట కొట్టగానే పిల్లలు అటూ ఇటూ చూడకుండా రోడ్డు మీదికి ఎట్లా దూకుతారో సుభద్రమ్మకు తెలుసు.

కారు ఎక్కుడెక్కుతోంది. ఇంజను రొప్పుతోంది. గోవిందప్ప గేరు మార్చాడు, ఆయన నోరు ఎండిపోయినట్టు పెదవులు తడుపుకుంటున్నాడు. వెనక సింధూజ కొంచెం కదిలి, మూలిగి, పక్కకు తిరిగింది. దిండు జారింది. ఆ మూలుగు, లోపల ఇంకో ప్రాణం. నువ్వు నీ మొగుడి కూనిరాగం చూసుకుంటున్నావే, దానికెవరు దిక్కు? సిగ్గేసింది. ఇంత పెద్ద సిగ్గు ఆమెకు పుట్టి బుద్ధెరిగి వెయ్యలేదు. ఎక్కుడులో ఉండగానే చెప్పాలి, ఇక్కడైతే కాలెత్తితే చాలు, కారు తనంతట తాను ఆగుతుంది. పైకెక్కినాక చెప్పి లాభం లేదు. ఇంకో ఇరవై గజాలు. పదిహేను.

"ఆపయ్యా!"

గోవిందప్ప ఎందుకని అడగలేదు. అడుగుతాడని ఆమె ఎదురుచూసింది, అడగనే లేదు, ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు కాలెత్తేశాడు. కారు వేగం తగ్గి, రోడ్డు పక్కకు ఒరిగి, ఇంజను ఒక్క దెబ్బకు ఆగిపోయింది. ఒక్క క్షణం అన్నీ నిలబడ్డాయి. తర్వాత రోడ్డు పక్కనున్న తంగేడు పొద ముందుకు కదిలింది. కదిలింది పొద కాదు. కారు వెనక్కి జారుతోంది. గేరులోనే ఉంది, అయినా ఇంత ఇంతగా జారుతోంది. ఆయన రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు లాగాడు, అది వదులుగా పైకొచ్చింది. ఆరేళ్ళు కదలని తీగ అది. "రాయి, రాయి," అన్నాడు. ఆమె అప్పటికే తలుపు తీసుకుని దూకింది. మోకాలు రోడ్డుకు కొట్టుకుంది, లేచింది, కాలవ గట్టున కుంకుడుకాయంత రాళ్ళు, కొబ్బరికాయంత రాళ్ళు, ఇది కాదు, ఇది కాదు, ఇదీ. రెండు చేతులా ఎత్తి, కదిలే వెనక చక్రం కిందికి తోసి, చెయ్యి లాక్కుంది. చక్రం రాయి మీదికి కొంచెం ఎక్కింది, ఆలోచించింది, దిగింది. నిలబడింది.

ఆయన దిగి ఇంకో రాయి తెచ్చి రెండో చక్రానికి పెట్టాడు. వంగి చక్రం లోపలి వైపు తడిమితే వేళ్ళు నూనె నూనెగా వచ్చాయి. పంచెకు తుడుచుకున్నాడు, కొత్త పంచె అది.

"నీకెట్ల తెలిసె?" అన్నాడు.

"పలమనేరు దాటినాక, ఎద్దులబండి కాడ. నీ కాలే సూస్తాండా పొద్దున్నించీ."

"మరి యాల జెప్పలా?"

"నువ్వు యాల జెప్పలా? నీ కాలే గదా అది!"

గోవిందప్ప రోడ్డు వైపు చూశాడు. "చెప్తే నువ్వు ఇంగ జన్మలో కారెక్కవు. ఎట్నో ఒకట్ల ఇల్లు చేరిస్తే తిమోతి కాడికి పోయి సరి చేపిచ్చుకుందామనుకుంటి."

వెనక తలుపు తెరుచుకుంది. సింధూజ పొట్ట పట్టుకుని మెల్లగా దిగి, చక్రాల కింది రాళ్ళను చూసి, నాయనను చూసి, అమ్మను చూసింది. గడ్డం కింద ఆ నాలుగు కుట్ల గీత ఎండకు తెల్లగా కనబడుతోంది.

"ఇద్దురికీ తెలుసునా?" అంది.

గోవిందప్ప నూనె వేళ్ళను మళ్ళీ పంచెకు తుడిచాడు.

"అమ్మకు నువ్వంటే బయం, నీకు అమ్మంటే బయం. మధ్యలో నన్ను ఎనక సీట్లో పండబెట్టుకోని తీసకపోతాండారు గదా! బాగుండాది."

పుంగనూరు వైపు నుంచి బస్సు వస్తోంది. సింధూజ చెయ్యెత్తింది. ఏ బస్సు వద్దని ఇంత దూరం కారేసుకుని పోయారో ఆ బస్సే, కిర్రుమంటూ వచ్చి ఆగింది. సుభద్రమ్మ సంచీ తీసుకుని వెంట పరిగెత్తబోతే పిల్ల ఆ సంచీ లాక్కుంది.

"నువ్వు రావద్దుమా. మనూరికి ఎంత దూరమని? ఇద్దురూ ఆ కారు కాడే ఉండి మాట్లాడుకోని రాండి. ఆరేండ్లుగా మాట్లాడుకోలేదు గదా." కండక్టరు చెయ్యి అందించాడు, ముందు సీట్లో ఆడమనిషి ఎవరో జరిగి చోటిచ్చింది. బస్సు గేరు మార్చుకుని, ఎక్కుడెక్కి, అవతలికి దిగిపోయింది.

ఇద్దరూ రోడ్డు మీద నిలబడ్డారు. దిగుడు అవతల నుంచి బడి గంట వినిపించింది, తర్వాత పిల్లల అరుపులు. సుభద్రమ్మ కాలవ గట్టు మీద కూలబడింది. ఆయన కొంచెం ఎడంగా కూర్చున్నాడు. బ్లీచింగు సంగతి చెబుదామని ఆమె నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు, నేల చూస్తూ:

"బయమేసె."

"నాక్కూడా."

"ఇప్పుడు గాదు. ఆ పొద్దు. కల్వర్టు కాడ." చేతికందిన పుల్ల తీసి విరిచాడు. "ఆస్పత్రిలో నువ్వు కారొద్దని అనకపొయ్యుంటే నేనే అందును మే. స్టీరింగు పట్టుకుంటే పాప నెత్తురే కనపడేది. నువ్వు అనేస్తివి, నాకు చెప్పే పని తప్పిపాయ."

సుభద్రమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆరేళ్ళు. మొగుడి ముచ్చట చంపినదాన్నని ఆరేళ్ళు తన మనసును తాను కోసుకుంది. ఉండాదిలే అన్న మాటకల్లా లోపలికి పోయి దాక్కుంది. ఈయనేమో హాయిగా ఆ నింద ఆమె నెత్తిన పెట్టి తాను మంచివాడై తిరిగాడు. కోపం వచ్చింది, ఒంటి నిండా వచ్చింది, చెయ్యెత్తి ఆయన భుజం మీద బలంగా ఒకటి వేసింది, ఇంకొకటి వేసింది. ఆయన తప్పుకోలేదు. మూడోదానికి చెయ్యి లేవలేదు, అక్కడే ఆయన భుజం మీద ఉండిపోయింది.

"చెప్పుంటే నీ సొమ్మేం పొయ్యేది?" అని అడిగింది.

ఆయన నూనె వేళ్ళను గట్టు మట్టికి రుద్దుకున్నాడు. గంట క్రితం ఎద్దులబండి దగ్గర అదే మాట ఎవరైనా తనను అడిగి ఉంటే తన దగ్గర మాత్రం ఏం జవాబుందని, ఆమె మళ్ళీ అడగలేదు.